అంచు కుట్టని పరదాలు

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా ఆయన అంటాడు. ఉంటుంది, కాదనను. కానీ ఆ ఏడాది నా కోపమంతా ఒక గోడ మీదే. నేను మిషను వేసుకుని కూర్చునే గదికి ఒక కిటికీ ఉండేది. రెక్క తెరిస్తే చెయ్యి చాచినంత దూరంలో పక్క భవనం గోడ. పదహారేళ్లు ఆ గోడను చూస్తూ, నెత్తి మీద ట్యూబులైటు పెట్టుకుని, ఊళ్లో వాళ్ల కిటికీలకు పరదాలు కుట్టాను. ఎవరింట్లోకి ఏ వేళకు ఎండ వస్తుందో, దాన్ని ఎంత ఆపాలో, ఎంత రానివ్వాలో నన్నడిగి తెలుసుకునేవాళ్లు. నా ఇంట్లోకి మాత్రం ఎండ దారి తప్పి కూడా వచ్చేది కాదు.

సూదిలో దారం ఎక్కించడానికి నాలుగైదు సార్లు పట్టడం మొదలయ్యాక కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా కళ్లలోకి దీపం వేసి చూసి, "ఇంకెన్నేళ్లు కుడదామని?" అని అడిగింది.

"చేతులాడినన్నాళ్లు."

"అయితే పగటి వెలుతుర్లో కుట్టండి. ఇలాగే సాగితే చేతులు ఆడతాయి, కళ్లే మొరాయిస్తాయి."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఏ మాట విన్నా ముందు కాసేపు మాట్లాడడు, ఎక్కడ ఆగిపోయిందో లోపల వెతుక్కుంటాడు కాబోలు. ఆ రోజు మాత్రం వెంటనే అన్నాడు. "ఈ ఇల్లు అమ్మేసి, కిటికీ ఉన్న ఇల్లు కొందాం." ఎంత తేలిగ్గా అన్నాడో నేనూ అంత తేలిగ్గానే విన్నాను. మన తాళాలు ఒకరికిచ్చి, ఇంకొకరి తాళాలు మనం పుచ్చుకోవడమే అనుకున్నాం.

మధ్యవర్తిని మా ఆయనతో పనిచేసే ఒకాయన పంపాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. ఏ పని అడిగినా రేపు అంటాడు. అందుకని ఇంట్లో ఆయన్ను 'రేపుగారు' అనుకునేవాళ్లం. ఒకసారి పొరపాటున ఫోనులోనే "రేపుగారూ" అని పిలిచేశాను. నాలుక కరుచుకునేలోగానే ఆయన "చెప్పండమ్మా" అన్నాడు. అప్పటి నుంచి అదే పేరు.

రేపుగారు మనుషుల్ని తీసుకురావడం మొదలుపెట్టాడు. వచ్చే ముందు గదులన్నీ సర్దాలి, వంటింట్లో గిన్నె కనబడకూడదు, తడిబట్ట కనబడకూడదు, మనుషులున్న ఇల్లని కూడా తెలియకూడదు. ఒకాయన గోడలన్నిటినీ వేళ్లతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఒకావిడ నా బట్టల బీరువా తెరిచి వాసన చూసి మూసేసింది. ఇంకో జంట ఇల్లంతా చూసి, బాల్కనీలో నిలబడి, వాళ్ల ఇంటి గొడవ ఏదో మాట్లాడుకుని, మొహాలు మాడ్చుకుని వెళ్లిపోయారు. వాళ్లకు మా ఇల్లు నచ్చిందో లేదో ఈ రోజుకీ తెలియదు.

వచ్చిన వాళ్లందరూ ఆగేది మాత్రం ఒక్క దగ్గరే. వెనక పడకగదికి కిటికీయే లేదు. పైన రెండు గాలి రంధ్రాలు, అంతే. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసి, "ఇక్కడ పట్టపగలు కూడా లైటెయ్యాలా?" అనేవాళ్లు. ఆ మాట విన్నాక నేను టీ పొయ్యి కట్టేసేదాన్ని. నచ్చని వాళ్లకు టీ ఇచ్చే ఓపిక నాకు మొదటి అయిదుగురితోనే అయిపోయింది.

పన్నెండోసారో పదమూడోసారో ఒక నర్సు వచ్చింది. పొద్దున్న ఎనిమిదిన్నరకు, రాత్రి డ్యూటీ దిగి తిన్నగా. ముప్పై లోపే ఉంటుంది వయసు. కళ్ల కింద నల్లటి చారలు. ముందు గది చూడలేదు, వంటిల్లు చూడలేదు, నీళ్లెలా వస్తాయని అడగలేదు. వెనక గది గుమ్మంలో ఆగింది.

"ఎప్పుడూ ఇంత చీకటిగానే ఉంటుందా అక్కా?"

నాకు ఒళ్లు మండింది. "ఇలాగే ఉంటుందమ్మా. నచ్చకపోతే ఇప్పుడే చెప్పెయ్. టీ పెట్టే పని తప్పుతుంది."

"చప్పుడు కూడా రాదా?"

"దేని చప్పుడు? గోడలు మాట్లాడవు కదా."

"ఒక్క నిమిషం కూర్చోనా?"

కూర్చోమన్నాను. రేపుగారితో రెండు మాటలు మాట్లాడి తిరిగొచ్చేసరికి ఆ పిల్ల మా మంచం మీద పక్కకు ఒరిగి, చెప్పులు ఒకటి కాలికీ ఒకటి నేల మీదా ఉండగా, నిద్రపోతోంది. ఊరికే కునుకు తీయడం కాదు. నోరు కొంచెం తెరుచుకుని, అరచేయి విప్పుకుని, చిన్నప్పుడు మనమందరం నిద్రపోయిన నిద్ర.

రేపుగారు నోరు వెళ్లబెట్టాడు. "ఇరవై రెండేళ్ల నుంచి ఇళ్లు చూపిస్తున్నానమ్మా. ఇలాంటిది చూడలేదు. లేపమంటారా?"

"ఊరుకోండి" అన్నాడు మా ఆయన. ఆ కాలికున్న చెప్పు ఆయనే మెల్లగా తీసి కింద పెట్టాడు.

ముందు గదిలో ముగ్గురం గుసగుసలాడుకుంటూ కూర్చున్నాం. మిషను తొక్కడానికి లేదు, గిన్నె కడగడానికి లేదు. మా సొంత ఇంట్లో మేమే దొంగల్లా మునివేళ్ల మీద నడిచాం. మామూలుగా అయితే నాకు ఎంత కోపం రావాలి! రాలేదు. ఎవరో హాయిగా నిద్రపోతున్న ఇంట్లో కూర్చోవడం అంత బాగుంటుందని నాకు తెలియదు. పన్నెండు దాటాక ఆ పిల్ల లేచొచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, ఏడుపు మొహం పెట్టింది.

"నన్ను క్షమించండక్కా. మా హాస్టలు పక్కన ఇనుప రేకులు కోసే షెడ్డు ఉంది. నాలుగేళ్లయింది పగలు నిద్రపోయి. ఈ గది నాకు కావాలి."

"మిగతా ఇల్లు చూడవా?" అన్నాను.

"ఉంటుందిగా, ఎక్కడికీ పోదుగా" అంది. అప్పుడు మా ఆయన వైపు తిరిగి, "అన్నయ్యా, మీరు కాస్త అక్కకు చెప్పండి, ఇంకెవరికీ ఇవ్వొద్దని" అంది.

మా ఆయన నవ్వాడు. "నేను అన్నయ్యా, ఆవిడ అక్కా. ఆ లెక్కన మా ఇద్దరికీ పెళ్లెవరు చేశారమ్మా?"

ఆ పిల్ల సిగ్గుపడి "బావగారూ" అని దిద్దుకుంది. అలా మా ఇల్లు అమ్ముడుపోయింది. అంటే మాటా, కొంచెం అడ్వాన్సూ వరకు. మేం కొనే ఇంటి కాగితాలూ మా ఇంటి కాగితాలూ ఒకే రోజు రాయిద్దామని, లేకపోతే మధ్యలో రోడ్డున పడతామని రేపుగారు చెప్పాడు. ఈలోగా వారానికి రెండు పొద్దుటిపూటలు వచ్చి పడుకుని వెళ్లొచ్చా అని అడిగింది నర్సు. ఎవరైనా ఇలా అడుగుతారా? రమ్మన్నాను. ఆమె పడుకున్నంతసేపూ నేను మిషను జోలికి పోకుండా చేతికుట్టు పని చూసుకునేదాన్ని.

ఇక మా ఇంటి వేట. కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగాం. ఒక ఇంటికి ఎనిమిది కిటికీలుంటే ఎనిమిదింటికీ రంగు వేసి బిగించేశారు, ఒక్కటీ తెరుచుకోదు. ఒక ఇల్లు మాకు బాగా నచ్చి, మంచినీళ్లు తాగి మాట్లాడదామని కూర్చుంటే, ఆ నీళ్లు గొంతు దిగేలోగా ఫోనులోనే ఇంకెవరికో మాటిచ్చేశాడు యజమాని. రేపుగారు బయటికొచ్చి, "పోనివ్వండమ్మా, రేపు ఇంతకన్నా మంచిది చూపిస్తా" అన్నాడు. ఆ ఒక్కసారే ఆయన మాట నిలబెట్టుకున్నాడు.

సందు చివర, ఒకటే అంతస్తు ఇల్లు. రెండు మెట్లెక్కితే ముందు గది. ఆ గది పడమటి గోడంతా కిటికీయే. అద్దాలన్నిటికీ అచ్చు కాగితాలు అతికించి ఉన్నాయి. సాయంత్రం నాలుగు దాటింది. వెలుతురు ఆ కాగితాల్లోంచి వడకట్టుకుని తేనె రంగులో గదిలోకి దిగుతోంది. కాగితం వెనకవైపు నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. ఆ మధ్యలో ఒక పెద్దావిడ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కిటికీకి వీపు తిప్పి కూర్చుని ఉంది.

ఆవిడ ముప్పై మూడేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్ది మానేసిన మనిషి. ఒక్కతే ఉంటుంది. పోయినేడాది కళ్లకు ఆపరేషనయింది. అప్పటి నుంచి వెలుతురు పడదు.

"నవ్వులాటగా ఉంటుంది మీకు" అంది. "ఈ కిటికీని చూసే అప్పట్లో ఈ ఇల్లు కొన్నాను. ఇక్కడ కూర్చుంటే అక్షరం అక్షరం విడివిడిగా కనబడేది. ఇప్పుడు ఇదే నన్ను ఇంట్లోంచి తరుముతోంది. మా చెల్లెలింట్లో ఒక గది ఉంది, చెట్ల నీడ. అక్కడికి పోతాను."

"పరదాలు వేసుకోలేకపోయారా పెద్దమ్మా?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"వేశానమ్మా, దుప్పట్లంత దళసరివి. వేస్తే చీకటి, చదవలేను. తీస్తే కళ్లలో సూదులు. ఎన్నని మూస్తాను, ఎన్నని తీస్తాను?"

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. నా చెయ్యి మాత్రం కిటికీ చెక్క మీద జానలు వేసుకుంటూ పోతోంది. అడ్డం పదకొండు జానలు, నిలువు ఏడు. కొలత తీయకుండా ఏ కిటికీ ముందూ నా చెయ్యి ఊరుకోదు. మా ఆయన దగ్గి సైగ చేశాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను, కొలత అప్పటికే తలలోకి ఎక్కేసింది.

ఆ ఇల్లు నాకు కావాలి. అంతకు ముందు దేన్నీ అంత కోరుకోలేదని నిజంగా చెప్పగలను. ఆ కిటికీ కింద మిషను, ఎడమ చేతి వైపు బల్ల, నా కళ్లకు ఇంకో ఇరవై ఏళ్లు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక పది నిమిషాలు నడుం వాల్చే అలవాటు నాకు. అప్పటి నుంచి ఆ పది నిమిషాలూ నేను మా ఇంట్లో ఉండలేదు. కళ్లు మూస్తే సందు, సందు చివర రెండు మెట్లు, తలుపు నెట్టగానే ఆ వెలుతురు. నేల మీద నా నీడ కుడుతూ ఉండేది, నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. ఒకరోజు ఆ గదిలోంచి ఇంకో గదిలోకి దారి కనిపించింది. మర్నాడు ఆ గదికీ ఒక కిటికీ. ఆ పై రోజు ఆ కిటికీలోంచి చూస్తే మళ్లీ అదే గది, నేనే కూర్చుని ఉన్నాను, సూదిలోకి దారం చూడకుండానే ఎక్కిస్తున్నాను. లేచాక కాసేపు నా వేళ్లు వెచ్చగా ఉండేవి.

మా ఆయనకు చెబితే, "రోజుకో గది పెంచుకుంటూ పోతే రాజమహలవుతుంది. ఊడ్చేది నువ్వే, గుర్తుపెట్టుకో" అన్నాడు.

కానీ కాగితాల పని ఎంతకీ తెమలలేదు. కారణం ఆఫీసు కాదు, అధికారులు కాదు, పెద్దమ్మే. అమ్మకం కాగితం చిత్తుప్రతి రేపుగారు తీసుకెళ్లి ఇస్తే, ఎర్ర పెన్సిలుతో పదకొండు తప్పులు దిద్ది వెనక్కి పంపింది. మళ్లీ రాయించి ఇస్తే నాలుగు. కొలతల్లో తప్పుంటే దిద్దాల్సిందే, సరే. మూడోసారి ఒక కామా కోసం తిప్పి పంపింది. "తప్పున్న కాగితం మీద సంతకం పెడితే నేను ముప్పై మూడేళ్లు చేసిన పనికి అర్థమేముంది?" అందట. తలప్రాణం తోకకొచ్చింది రేపుగారికి. నాకైతే ఆవిడ మీద కోపం రాలేదు. పనిలో అలాంటి పట్టుదల నాకూ ఉంది. ఆ పట్టుదలే నా కొంప ముంచింది.

కాగితాలు ఆవిడ దిద్దుతూ ఉంటే, నేను పరదాలు కుడుతూ ఉన్నాను.

నా మిషనుకు ఆ వెలుతురు కావాలి, కానీ పడమటి ఎండ తిన్నగా పడితే కుట్టు కనబడదు, బట్ట మెరిసి కళ్లు చెదురుతాయి. అందుకని రెండు పొరలు వేయాలి. కిటికీ వైపు పల్చటి ముతక నూలు, గది వైపు అంతకన్నా పల్చటి తెల్లటిది. రెండింటికీ మధ్య బెత్తెడు ఖాళీ. ఎండ మొదటి పొరలో ఆగి, ఆ ఖాళీలో చల్లబడి, రెండో పొరలోంచి మెత్తగా లోపలికి వస్తుంది. కిటికీ వెడల్పు ఒకటైతే బట్ట రెండింతలు పెట్టి కుచ్చులు పోయాలి, లేకపోతే వెలుతురు చారలుగా పడుతుంది. ఇన్నేళ్లలో ఎవరికీ అంత శ్రద్ధగా కుట్టలేదు. నాకు నేను కుట్టుకోవడం అదే మొదటిసారి.

ఇక మిగిలింది అంచు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పరదా అంచు ముందే మడిచి కుట్టకూడదు. దాన్ని దాని కిటికీకే రెండు మూడు రోజులు వేలాడదీయాలి. బట్ట తన బరువుకు తాను సాగి దిగుతుంది. ఎంత దిగాలో అంత దిగాకనే అంచు మడవాలి. తొందరపడి ముందే కుట్టేస్తే నెల తిరక్కుండా నేల మీద జీరాడుతుంది.

"రిజిస్ట్రేషన్ కానియ్" అన్నాడు మా ఆయన. "మనది కాని ఇంటికి మన పరదాలేమిటే?"

"ఊరికే వేలాడదీసి వస్తాను. మూడు రోజులే కదా. ఆవిడకేం పోయింది?"

"ఆవిడకేం పోదు" అని ఊరుకున్నాడు. ఆయన మాటల్లో ఏది ఎక్కడ ఆగిపోయిందో వినే అలవాటు నాకు అప్పటికి లేదు.

గురువారం వెళ్లాను. పెద్దమ్మ అడ్డు చెప్పలేదు. నేను స్టూలెక్కి కడ్డీలు బిగిస్తుంటే రింగులు ఒక్కొక్కటే అందించింది. అద్దాల మీది కాగితాలు అలాగే ఉండనిమ్మంది. రెండు పొరలూ వేలాడదీసి, కుచ్చులు సమంగా సర్ది, ఆదివారం వచ్చి తీసుకెళతానని చెప్పి వచ్చేశాను. దారి పొడుగునా ఈల వేసుకుంటూ వచ్చాను. నాకు ఈల వేయడం వచ్చని అప్పుడే తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆ రెండు మెట్లూ ఎక్కి తలుపు నెట్టాను.

అద్దాల మీద ఒక్క కాగితం లేదు. తడిగుడ్డ పెట్టి తుడిచి, గోటితో గీకి, మొత్తం తీసేసింది. పడమటి ఎండ ఎదురుగా ఉంది, కానీ గదిలో ఎండ లేదు. వెలుతురు ఉంది. పాలలో ముంచి తీసినట్టున్న వెలుతురు, ఏ మూల చూసినా ఒకేలా, ఏ వస్తువుకూ నీడ గట్టిగా పడకుండా. నేను కలలో చూసింది దీనికి చాలదు. ఆ మధ్యలో పెద్దమ్మ కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, నల్లకళ్లద్దాలు తీసేసి, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుతోంది.

ఆవిడ కళ్లు చూడడం నాకు అదే మొదటిసారి. గోధుమరంగు కళ్లు. నన్ను చూడగానే పుస్తకం మూసేసింది, తప్పు చేస్తూ దొరికిపోయిన పిల్లలా. ఆవిడ చెప్పకముందే నాకు అర్థమైంది.

"గురువారం సాయంత్రం ఊరికే కూర్చున్నానమ్మా" అంది. "కళ్లద్దాలు తీసి చూశాను. గుచ్చలేదు. శుక్రవారం ఒక కాగితం తీశాను. ఆ తర్వాత ఆగలేకపోయాను. నూట నలభై పేజీలు చదివాను. ఏడాదిన్నర తర్వాత."

చేతిలోని సంచి కింద పెట్టాను.

"నాకింక ఈ ఇల్లు అమ్మే పని లేదు. ఈ మాట నీతో ఎలా అనాలో రెండు రోజులుగా అనుకుంటున్నాను, ఎన్ని రకాలుగా అనుకున్నా తప్పుగానే ఉంది. నన్ను తిట్టు."

తిడదామనే నోరు తెరిచాను. తిట్లు నాకు బాగానే వచ్చు. "ఎలా చేస్తారు పెద్దమ్మా ఇలా? మా ఇల్లు బేరమైపోయింది. మేమెక్కడికి పోవాలి? నా కళ్లు..." అక్కడ ఆగిపోయాను. ఎదురుగా కూర్చున్న మనిషితో నా కళ్లు అని ఎలా అనను? ఆవిడను ఈ ఇంట్లోంచి తరిమిన వెలుతురును నేనే మచ్చిక చేసి, ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టాను. ఎవరూ చేయమనలేదు. ఏ మధ్యవర్తీ చెడగొట్టలేదు, ఏ ఆఫీసూ అడ్డుపడలేదు. మా బేరాన్ని నా చేత్తో, స్టూలెక్కి మరీ, నేనే చెడగొట్టుకున్నాను.

"పరదాలు తీసుకెళ్లిపోతాను" అన్నాను.

"నీవి. తీసుకో" అంది. స్టూలు ఆవిడే తెచ్చి వేసింది.

ఎక్కాను. కడ్డీ మీద చెయ్యి వేశాను. ఆవిడ కింద నిలబడి, నల్లకళ్లద్దాలు చేతిలో పట్టుకుని, పెట్టుకోవడానికి సిద్ధంగా ఉంది. ఏడవడం లేదు, బతిమాలడం లేదు. కాస్త బతిమాలి ఉంటే తీసేసేదాన్నే, నా కోపానికి అంత చోటు చాలు. బట్ట వైపు చూశాను. మూడు వేళ్ల మేర దిగింది. సరిగ్గా నేననుకున్నంత.

దిగి, సంచిలోంచి సూదీ దారం తీశాను. "అంచు కుట్టాలి. ఇలాగే వదిలేస్తే దారాలు ఊడిపోతాయి" అన్నాను.

పెద్దమ్మ కుర్చీ ఖాళీ చేసి నాకిచ్చింది. ఆ కిటికీ కింద కూర్చున్నాను. దారం మొదటి సారే ఎక్కింది. పడమటి గోడంత పొడుగు అంచు, రెండు పొరలు. చేత్తో, చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ, ఎంత మెల్లగా కుట్టొచ్చో అంత మెల్లగా కుట్టాను. బట్ట పోగులు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. సాయంత్రం జరిగే కొద్దీ వెలుతురు పాలరంగు నుంచి పసుపులోకి, అందులోంచి నారింజలోకి మారుతూ నా చేతుల మీదుగా వెళ్లింది. పెద్దమ్మ నేల మీద కూర్చుని చదువుకుంటోంది. అలా ఇరవై ఏళ్లు కూర్చుంటాననుకున్న చోట మూడు గంటలు కూర్చున్నాను. సంతోషంగా ఉన్నాను, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకే సమయంలో.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన చాలాసేపు లోపల వెతుక్కున్నాడు. చివరికి, "మనదీ ఇంకా రాయించలేదు కదా" అన్నాడు. "ఆ నర్సమ్మాయికి కుదరదని చెప్పేద్దాం. ఆమె ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి ఇచ్చేద్దాం. ఉన్న ఇల్లు ఉంటుంది. మళ్లీ మెల్లగా చూసుకుందాం."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇల్లు అమ్మి రోడ్డున నిలబడడం ఎవరికి మాత్రం ఇష్టం? "నేనే చెబుతాను" అన్నాను. "నాకు చెప్పిన వాళ్లు నా మొహం చూసే చెప్పారు. నేనూ అలాగే చెబుతాను."

మర్నాడు పొద్దున్న నర్సు వచ్చింది. వస్తూనే చెబుదామనుకున్నాను. కళ్లు తేలిపోతున్నాయి, గోడ పట్టుకుని చెప్పులు విప్పుతోంది. రాత్రి ముగ్గురు ముసలివాళ్లను ఒక్కతే చూసుకుందట. లేచాక చెబుదాంలే అనుకుని పడుకోనిచ్చాను. మా ఆయన పనికి వెళ్లకుండా ముందు గదిలో కూర్చున్నాడు, నాకు తోడుగా అన్నాడు గానీ, నేను చెప్పకుండా జారుకుంటానేమోనని ఆయన భయం.

పదకొండు దాటాక లోపల మంచం కదిలింది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె లేచి కూర్చుని, జుట్టు ముడి వేసుకుంటూ, చీకట్లో నన్ను చూసి నవ్వింది.

"మేం కొనే ఇల్లు చేజారిపోయిందమ్మా" అన్నాను. "ఈ ఇల్లు అమ్మితే మాకు వేరే గతి లేదు. నీకు ఇవ్వలేం."

ఆమె చేతులు జుట్టులోనే ఆగిపోయాయి. నేను ఆదివారం నాడు నోరు తెరిచినట్టు ఆమె కూడా తెరుస్తుందని చూశాను. తెరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. నాలుగు మాటలు పడేదాన్ని, బరువు దిగేది. ఆమె కాసేపు పక్క మీది దుప్పటి వైపు చూసింది. దాన్ని రెండు చేతులతో సాపు చేసింది.

"సరే అక్కా" అంది. ఆ తర్వాత చాలా మెల్లగా, ఆస్పత్రిలో రోగులను అడిగినంత మెల్లగా, "ఇంకొక్క గంట పడుకుని వెళ్లనా?" అంది.

ఏమని చెప్పానో గుర్తులేదు. తల ఊపానేమో. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నేను తలుపు దగ్గరికి వేసి, ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాను.

"చెప్పేశావా?" అన్నాడు మా ఆయన గుసగుసగా.

"ఆ."

"ఏమంది?"

"ఇంకొక్క గంట పడుకుంటానంది."

ఆయన తల వంచుకున్నాడు. నేను కాసేపు ఆ గదిలో అటూ ఇటూ తిరిగాను, చప్పుడు కాకుండా. పెద్దమ్మ నల్లకళ్లద్దాలు చేత్తో పట్టుకుని స్టూలు పక్కన నిలబడిన తీరు గుర్తొచ్చింది. నేను ఆ రోజు పరదాలు తియ్యలేకపోయాను. ఇవాళ ఈ పిల్ల మీది నిద్రను లాగేశాను. తియ్యడం నాకు బాగానే వచ్చన్నమాట.

"ఏమండీ" అన్నాను. "రేపుగారికి ఫోన్ చేసి అద్దె ఇల్లు చూడమనండి. ఎంత చిన్నదైనా సరే. ఒక్క కిటికీ ఉండాలి, ఎదురుగా గోడ ఉండకూడదు."

ఆయన తలెత్తి చూశాడు. ఈసారి ఎక్కువసేపు వెతుక్కోలేదు. "అద్దె ఇల్లంటే ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలే."

"పోదాం. ఇద్దరమేగా."

"మరి ఆ అమ్మాయికి ఇప్పుడే కాదన్నావు కదా. వెళ్లి చెప్పు, ఇల్లు నీదేనని."

తలుపు దాకా వెళ్లాను. లోపల ఊపిరి అప్పటికే నిదానంగా సాగుతోంది. మా ఇంట్లో ఇదే ఆఖరి నిద్ర అనుకుని, ఒక్క నిమిషం కూడా వృథా చేయకుండా పడుకున్నట్టుంది. లేపి చెబితే సంతోషిస్తుంది, కానీ మళ్లీ నిద్ర పట్టదు. చెప్పకపోతే ఆ దిగులుతోనే ఈ గంట గడుస్తుంది. తలుపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాను, ఏది మంచిదో తేల్చుకోలేక.

మా ఆయన వెనక నుంచి వచ్చి నా పక్కన ఆగాడు. "ఏమైంది?"

"లేచాక చెబుతాను" అన్నాను. "మీరు ఫోన్ బయటికెళ్లి మాట్లాడండి."